మండువా ఇంటికి సోలార్: పెంకులు దింపకండి

అమలాపురం దగ్గర మీ మండువా లోగిలికి (నడుమ పైకి తెరిచి ఉండే మండువా, చుట్టూ పెంకుటి వసారాలు) 3 కిలోవాట్ల సోలార్ పెట్టాలంటే పెంకులు దింపి రేకులు వేయాల్సిందేనని వెండర్ అన్నాడన్నారు. దయచేసి ఒప్పుకోకండి. రేకులు వేస్తే ఎండాకాలం ఆ ఇంట్లో ఉండలేరు.

పెంకు బరువు మోయదు, మోసేది వాసాలు, దూలాలు. ఒక్కో ప్యానెల్ 25 కిలోల పైనే ఉంటుంది. తుఫాను గాలికి అది పైకి లేవబోతే ఆ లాగుడంతా పాత వాసాల మీదే పడుతుంది. పైగా బిగించేవాళ్ళు ఎక్కి దిగేసరికే పెంకులు పగిలి, తొలి వానకే కారడం మొదలవుతుంది.

పెరట్లో స్లాబు వేసిన వంటగదో, స్నానాల గదో ఉందా? 3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగులు చాలు. లేకపోతే గొడ్లసావిడి పక్కన ఇనుప స్తంభాల మీద ఎత్తుగా స్ట్రక్చర్ కట్టించండి. ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి ఉండాలి. మీ దగ్గర అసలు చిక్కు కొబ్బరిచెట్లే. ఒక్క మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం కరెంటు తగ్గిపోవచ్చు. ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి నీడ ఎక్కడ పడుతుందో మీరే చూసి చోటు ఖాయం చేయండి. నడిమి మండువా ఖాళీ మీద మాత్రం ప్యానెళ్ళు పరవనివ్వకండి, ఇంటికి గాలీ వెలుతురూ అక్కడినుంచే.

వైరు కోసం సున్నపు గోడలు చెక్కించవద్దు, పైపైనే పైపులో లాగించండి. చెక్కినచోట సిమెంటు మాట్లు వేస్తే లోపల చెమ్మ నిలిచి గార ఊడుతుంది. ఎర్తింగ్ కొత్తది వేయించండి.

ఇళ్ళ మీద సోలార్ పెట్టుకునేవాళ్ళకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. స్తంభాల మీద కట్టేటట్లయితే అది వర్తిస్తుందో లేదో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో ముందే అడిగి, తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.