ధవళేశ్వరం నుంచి అంతర్వేదికి ఏటిగట్టు మీద నడక: ఫోన్‌లో ఏమేం ఉండాలి?

మీరు అడిగింది ఇదీ: నలుగురు స్నేహితులు మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి (జాతరకి) ధవళేశ్వరం నుంచి గోదావరి ఏటిగట్టు మీదుగా నడిచి వెళ్దామనుకుంటున్నారు. గూగుల్ మ్యాప్స్ ఒక్కటే చాలా, మధ్యలో సిగ్నల్ పోతే ఎలా అని. 2023 జనవరిలో మా తమ్ముడు, బావమరిది, నేను కలిసి ఈ దారిలోనే 5 రోజులు నడిచాం. మలుపులన్నీ కలుపుకుని ఫోన్ లెక్కలో 112 కిలోమీటర్లు తేలింది. అందుకే కాస్త వివరంగా చెప్తానండి.

ముందు సిగ్నల్ సంగతి. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. ఫోను ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని అందుకుంటుంది, అంతే. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా మీరెక్కడున్నారో చూపిస్తుంది. కాకపోతే నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు పట్టడానికి కొంచెం ఆలస్యమవుతుంది, ఆకాశం కనిపించే చోట ఒక్క నిమిషం ఆగండి. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మ దిగడానికి. దాన్ని ఇంట్లో వైఫై మీద ముందే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లోనూ ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవచ్చు గానీ, నెట్ లేకపోతే అది కారు దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. అందుకని మేం ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ అనే యాప్‌లు రెండూ పెట్టుకున్నాం. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా దారులు చేర్చగల ఉచిత మ్యాప్) మీద నడిచేవే, నెట్ లేకుండానే నడక దారి చూపిస్తాయి. పుంతలు (పొలాల మధ్య బండి బాటలు), కాలువగట్లు వీటిలో కొంత మెరుగ్గా ఉన్నాయి. ఒక్కటే పెట్టుకోవాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకోండి, వాడటం తేలిక.

ఇక అసలు విషయం. కొండల్లో నడిచేవాళ్లకు ఎత్తు, దూరం ముఖ్యం. మన దగ్గర నేలంతా చదునే, ఎత్తు చూపించే ఏ యాప్‌తోనూ మనకు పని లేదు. మనల్ని ఆపేది నీళ్లు. ఏటిపాయ, పంటకాలువ, మురుగుకాలువ, బోదె, ఏది అడ్డొచ్చినా దాటే చోటు తెలియకపోతే అక్కడే ఆగిపోతాం. నాకిది రెండో రోజు సాయంత్రం తెలిసింది. ఆ రాత్రి పడుకోవాల్సిన ఊరు గట్టు మీద నుంచి 300 మీటర్లేనని ఫోన్ చెప్పింది. శాటిలైట్ ఫొటోలో మధ్యనున్నది పచ్చటి చేనులా ఉంది. దిగబోతుంటే, గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన కేకేశారు. "అది చేను కాదు బాబూ, డెక్క! దిగితే మునిగిపోతారు." నిజంగానే అది పెద్ద మురుగుకాలువ, మీదంతా గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. వంతెన కోసం 4 కిలోమీటర్లు చుట్టూ తిరిగి, చీకటి పడ్డాక ఊళ్లోకి చేరాం. ఆయన అరవకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

అందుకని బయల్దేరే ముందు ఒక ఆదివారం కేటాయించండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి గట్టు వెంబడి దారి గీసుకోండి. అది కేఎంఎల్ ఫైలుగా (గీసిన దారిని దాచే ఫైలు) వస్తుంది, ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరుచుకుంటుంది. తర్వాత ఆ దారి మీద నీళ్లు దాటే ప్రతి చోటా ఒక గుర్తు పెట్టండి: వంతెన, లాకులు (కాలువ మీది నీటి తలుపులు), తూము, రేవు (నావ ఎక్కే చోటు). ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు వచ్చి, గోదావరి పాయ అయిన వశిష్ట ఎడమ గట్టు పట్టుకుంటే చాలా దూరం సాఫీగా పోతుంది. కానీ పి.గన్నవరం ఎగువన వైనతేయ పాయ విడిపోతుంది. మీరు వెళ్లాల్సింది ఆ పాయకు అవతలి నేల మీదికి, రాజోలు వైపు. అక్కడ గట్టును నమ్ముకుని ముందుకు పోతే వేరే దిక్కుకి పోతారు. పి.గన్నవరంలో అక్విడక్టు దగ్గర దాటండి. ఏటి మీదుగా కాలువ పారే ఆ కట్టడానికి అన్నదానంతో పేరుపొందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మేం అక్కడ గంటసేపు కూర్చున్నాం, మీరూ కూర్చోండి.

మ్యాప్‌లో ఏటిలోకి దిగే దారులు కనిపిస్తే నమ్మకండి. అవి చాలావరకు ఇసుక ర్యాంపులకు లారీలు పోయిన బాటలు, నీళ్ల దగ్గర ఆగిపోతాయి. లంకల్లో (ఏటి మధ్య దిబ్బల్లో) బాటలూ అంతే. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఆర్నెల్ల తర్వాత మేం వెళ్లేసరికి ఒకచోట ఫోన్‌లో ఉన్న బాట ఏటి కోతలో పోయింది. వానాకాలంలో అయితే ఈ నడకే పెట్టుకోవద్దు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు, అది వచ్చిందంటే లంకల వైపు అసలు పోకూడదు.

రేవుల విషయంలో ఏ యాప్ మాటా చెల్లదు. మ్యాప్‌లో గీత ఉంటుంది, రేవులో నావ ఉండదు. గట్టు కింద టీ కొట్టులో "రేవు నడుస్తోందా అండి, ఆఖరి నావ ఎన్నింటికి?" అని అడగండి. ఊరి పేరుతో కాకుండా లాకుల పేరో రేవు పేరో చెప్పి అడిగితే దారి ఇంకా స్పష్టంగా చెప్తారు.

బ్యాటరీ: ఒకే ఫోన్‌లో దారి రికార్డు చేయండి, మిగతావి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. మనిషికో పవర్ బ్యాంకు చాలు, రాత్రి ఊళ్లోనే ఉంటారు కదా. దాటే చోట్ల జాబితా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. మా తమ్ముడి ఫోను మూడో రోజు కాలువలో పడింది, ఆ కాగితమే మిగిలింది. జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది, ఫోన్‌లో బాణం చూసుకుంటూ గట్టు అంచున నడవకండి. ఎండెక్కాక బయల్దేరండి.

తిరిగొచ్చాక, మాకు దొరికిన రెండు నడక వంతెనల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాను. మీకు కొత్తవి కనిపిస్తే మీరూ చేర్చండి, తర్వాత నడిచేవాళ్లకి చుట్టు తిరుగుడు తప్పుతుంది.

దర్శనం అయ్యాక తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతల నరసాపురం, అక్కడి నుంచి రైలుంది. పంటు నడుస్తోందో లేదో అంతర్వేదిలోనే కనుక్కుని బయల్దేరండి. లేదంటే దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా పోవాలి, దాన్ని కూడా ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.