కడుపులో ఆమ్లం తక్కువైతే బరువు పెరిగేదెలా?

ప్రశ్న: నా వయసు 34. విశాఖ గాజువాకలో ఉంటాను, షిఫ్టు డ్యూటీ. ఎత్తు 170 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల్లో 58 కిలోల నుంచి 51కి దిగిపోయాను. ఎండోస్కోపీ చేసి ముక్క పరీక్షకు పంపితే అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాచి పలచబడడం) అని వచ్చింది, ఆమ్లం తక్కువగా ఊరుతోందన్నారు. రెండేళ్లుగా మందుల షాపులో కొనుక్కుని పాంటాప్రజోల్ (ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్ర) వేసుకుంటున్నాను. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఒకటే తేపులు. పప్పు, చేప, నూనె అన్నీ మానేసి ఇడ్లీ, పెరుగన్నంతో నెట్టుకొస్తున్నాను. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఏం తినాలి?

జవాబు: ఆమ్లం తగ్గితే అన్నం, పప్పు, నెయ్యి అరగకుండా వృథాగా పోతాయని చాలామంది భయపడతారు. పిండిపదార్థాలు, కొవ్వు, మాంసకృత్తులు అరిగేది ప్రధానంగా చిన్నపేగులో, క్లోమం నుంచి వచ్చే ఎంజైముల వల్ల. ఆమ్లం బాగా తగ్గినా ఆ పని జరుగుతూనే ఉంటుంది. ఆమ్లం లేనందువల్ల నిజంగా దెబ్బతినేవి బి12, ఇనుము. దానితోపాటు, తిండిలో వచ్చే క్రిములను చంపే కాపలా కూడా బలహీనపడుతుంది.

మరి ఏడు కిలోలు ఎక్కడికి పోయాయి? మీ పళ్లెంలోనే చూడాలి. పొద్దున్న మూడు ఇడ్లీలు, రెండుపూటలా కప్పున్నర పెరుగన్నం కలిపితే 800 కెలోరీలు దాటడం కష్టం. మీ ఎత్తుకీ మీరు చేసే పనికీ రోజుకు 2000 అయినా కావాలి. ఉబ్బరం భయంతో ఒక్కొక్కటీ మానేస్తారు, తిండి తగ్గేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, రెండు ముద్దలు ఎక్కువైనా బరువుగా అనిపిస్తుంది, దాంతో ఇంకొకటి మానేస్తారు. ఈ వరసను తిప్పాలి. అయితే శరీర బరువులో పదో వంతుకు పైగా పోయింది కాబట్టి, నెపమంతా కడుపు మీదే వేసేయకండి. థైరాయిడ్, షుగర్, సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) కోసం టీటీజీ అనే రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాలా అని మీ డాక్టరును అడగండి. పొటాషియం, ఫాస్ఫరస్ కూడా చూపించుకోండి. చాలాకాలం తక్కువ తిన్నవాళ్లు ఒక్కసారిగా రెట్టింపు తింటే ఈ లవణాలు రక్తంలో పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. అందుకే రోజూ తినేదాన్ని వారం వారం 200 నుంచి 300 కెలోరీల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి.

రోజుకు మూడు పెద్ద భోజనాల బదులు ఆరు చిన్నవి పెట్టుకోండి. గడియారం ఏ టైము చూపించినా, నిద్ర లేచిన గంటలోపు మొదటిది, ఆ తర్వాత రెండున్నర గంటలకొకటి. నైటు షిఫ్టులో కూడా ఇదే లెక్క. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ఆఖరిది ముగించాలి. తినేముందు గ్లాసులకొద్దీ నీళ్లు తాగితే అన్నానికి చోటుండదు. భోజనంతో అర గ్లాసు చాలు, మిగతావి మధ్యలో తాగండి.

ముందు గ్లాసుడు జావతో మొదలుపెట్టండి. మన ఉత్తరాంధ్రలో ఎలాగూ చోళ్లు (రాగులు) ఇంట్లో ఉంటాయి. రెండు పెద్ద చెంచాల చోళ్ల పిండి (20 గ్రాములు) అర గ్లాసు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఎనిమిది నిమిషాలు ఉడికించండి. పచ్చివాసన పోయి, గరిటెకు మెరుస్తూ అంటుకోవాలి. ఉడకని పిండి ఉబ్బరం తెస్తుంది, ఆ తప్పు చోళ్ల మీదకు పోతుంది. దించాక 150 మిల్లీలీటర్ల కాచిన చిక్కటి పాలు, గోరువెచ్చగా అయ్యాకే 10 గ్రాముల అనకాపల్లి బెల్లం వేయండి. వేడిగా ఉన్నప్పుడు బెల్లం వేస్తే పాలు విరిగిపోవచ్చు. చివర్లో ఒక పెద్ద చెంచా వేరుశనగ ముద్ద కలపండి. గుళ్లు దోరగా వేయించి, పొట్టు తీసి, నూనె పైకి తేలేదాకా మెత్తగా రుబ్బాలి. బరకగా ఉంటే కడుపులో బరువుగా ఉంటుంది. ఈ గ్లాసుతో దాదాపు 320 కెలోరీలు వస్తాయి. ఒకేసారి తాగలేకపోతే అర గ్లాసు చొప్పున రెండుసార్లు. పాలతో ఉబ్బరం వచ్చేవాళ్లు పాలు మానేసి, చల్లారాక పెరుగు కలుపుకోండి.

మధ్యాహ్నం కప్పు మెత్తటి అన్నం, బాగా ఉడికిన పెసరపప్పు, ఒక చెంచా నెయ్యి. నెయ్యి నాలుగు చెంచాలు ఒకే పూట పోసుకోకండి. కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ అవడం ఆలస్యమై, వచ్చే పూట ఆకలి ఉండదు. మూడు పూటలా ఒక్కో చిన్న చెంచా చొప్పున సర్దితే నెయ్యితోనే 130 కెలోరీలు చేరతాయి. హార్బరులో తాజా చేప దొరికే ఊళ్లో ఉండి చేప మానేయడం మాకు బాధగా అనిపించింది. 100 గ్రాముల పండుగప్పలోనో చందువలోనో 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, మాంసం కంటే తేలిగ్గా అరుగుతుంది. ఇబ్బంది ఎక్కువగా పులుసుతోనే. చింతపండు సగానికి, కారం పావుకి తగ్గించి, దించేముందు కొబ్బరిపాలు పోసి చూడండి. ఎండుచేప, ఆవకాయ మాత్రం పక్కన పెట్టండి. అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ ఉన్న కడుపుకు ఉప్పులో ఊరినవి మంచివి కావు. ఉప్పులో నిల్వ ఉంచిన తిండికీ కడుపు క్యాన్సరుకూ సంబంధం పరిశోధనల్లో కనిపించింది.

సాయంత్రం ఉడకబెట్టిన గుడ్డు, మాగిన అరటిపండు. రాత్రి ఇడ్లీనే ఇష్టమైతే ఇడ్లీయే తినండి, పక్కన పప్పో గుడ్డో ఉండాలి. మీ బరువుకు రోజుకు 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యం. మానేసినవాటిని ఒకేసారి కాకుండా మూడు రోజులకొకటి చొప్పున తిరిగి మొదలుపెడితే, ఏది పడలేదో తెలుస్తుంది. వారానికోసారి, పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక బరువు చూసుకోండి. వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరిగితే చాలు. మూడు వారాలైనా ముల్లు కదలకపోతే ఇంకో 200 కెలోరీలు చేర్చండి.

ఇక కారణం సంగతి. అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్‌కు ఎక్కువగా కనిపించే మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకే 2005లో బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు నోబెల్ వచ్చింది. పాంటాప్రజోల్ వేసుకుంటూ ఈ పరీక్ష చేయించుకుంటే, బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. శ్వాస పరీక్షకైనా మల పరీక్షకైనా ఆ మాత్ర రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ముందు నుంచీ ఆపి ఉండాలి. ఎలా ఆపాలో డాక్టరు చెబుతారు. ఉందని తేలి మందులిస్తే, నాలుగో రోజుకి హాయిగా ఉందని వదిలేయకండి. కోర్సు పూర్తిచేసి, కనీసం నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటేనే పోయిందో లేదో తెలుస్తుంది. బ్యాక్టీరియా కాకపోతే, మన రోగనిరోధక శక్తే కడుపు పొరను దెబ్బతీస్తోందేమో చూసే యాంటీబాడీ పరీక్షలున్నాయి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాడుతుంటే ఆ మాట కూడా దాచకండి.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నాను. పొద్దున్నే వంటసోడా నీళ్లు తాగి ఐదు నిమిషాల్లో తేపు రాకపోతే ఆమ్లం తక్కువని వీడియోలో చూశాను. నాకు రాలేదు. యాపిల్ సిడర్ వెనిగర్ గానీ, ఆమ్లం పెంచుతాయనే బీటైన్ హెచ్‌సీఎల్ మాత్రలు గానీ మొదలుపెట్టి, గ్యాస్ మాత్ర ఆపేద్దామనుకుంటున్నాను.

జవాబు: వెనిగర్, ఆ మాత్రలు, గ్యాస్ మాత్రను ఉన్నట్టుండి మానేయడం, దయచేసి ఈ మూడూ వద్దు అమ్మా. తేపు రావడం మీరు మింగిన గాలి మీద, తాగిన వేగం మీద కూడా ఆధారపడుతుంది. దానితో ఆమ్లం లెక్క తేలదు. ఆమ్లం ఎక్కువైనా తక్కువైనా ఉబ్బరం, తేపులు, మంట ఒకేలా ఉంటాయి కాబట్టి లక్షణాలను బట్టి ఊహించడమూ కుదరదు. లోపల పొర వాచి ఉన్నప్పుడు, పుండు ఉన్నప్పుడు వెనిగర్, ఆమ్లపు మాత్రలు దాన్ని ఇంకా రేపుతాయి. నొప్పి మాత్రలు వాడేవాళ్లకు మరీ ప్రమాదం.

నెలల తరబడి వేసుకున్న గ్యాస్ మాత్ర ఒక్కరోజులో ఆపేస్తే కొన్ని వారాలపాటు ఆమ్లం మామూలు కంటే ఎక్కువ ఊరుతుంది. ఆ మంట చూసి, మాత్ర లేనిదే బతకలేననుకుని మళ్లీ మొదలుపెడతారు. డాక్టరును అడిగి మోతాదు తగ్గించుకుంటూ ఆపాలి.

ప్రశ్న: పెందుర్తి. మా అమ్మకు 62. గ్యాస్ట్రైటిస్ ఉంది, శాకాహారి. నాలుక మంట, అరికాళ్లు తిమ్మిర్లు, నీరసం. చోడంబలి, ఆకుకూరలు బాగానే పెడుతున్నాం. ఐరన్ మాత్ర వేస్తే కడుపు నొప్పి.

జవాబు: ముందు బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), రక్త పరీక్ష చేయించండి. చోళ్లలో, ఆకుకూరల్లో బి12 ఉండదు. పాలు, పెరుగులో కొంత ఉన్నా, తిండి నుంచి దాన్ని విడదీయడానికి ఆమ్లం కావాలి, ఒంట్లోకి తీసుకోవడానికి కడుపు గోడలో తయారయ్యే మరో ప్రొటీన్ కావాలి. గ్యాస్ట్రైటిస్‌లో రెండూ తగ్గవచ్చు. మాత్రలోని బి12కు ఆమ్లంతో పనిలేదు. ఆ ప్రొటీన్ లేకపోయినా వందలో ఒక వంతు నేరుగా లోపలికి వెళుతుంది, అందుకే 1000 మైక్రోగ్రాముల మాత్ర ఇస్తారు. అరికాళ్ల తిమ్మిర్లు ఉన్నాయంటే సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు, ఆలస్యం చేయకండి. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేయొద్దు. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేస్తే చాలామందికి నొప్పి తగ్గుతుంది, ఒంటికీ బాగానే పడుతుంది. టీ, కాఫీకి గంట దూరం పాటించండి. ఐరన్ వాడుతుంటే మలం నల్లగా వస్తుంది, దానికి కంగారు పడొద్దు. తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే, రక్తం కక్కుకుంటే, మింగుడు పడకపోతే మాత్రం అదే రోజు విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.

ప్రశ్న: బరువు పెరగడానికి చద్దన్నం, మాడుగుల హల్వా తినొచ్చా? – అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: హల్వా తినండి, 25 గ్రాముల ముక్క, భోజనమయ్యాక. పరగడుపున వద్దు. సీలియాక్ ఉన్నవాళ్లకు అది గోధుమపాలతో చేసేది కాబట్టి పనికిరాదు. షుగర్ ఉన్నవాళ్లూ మానాలి. చద్దన్నం విషయంలో ఆమ్లం తక్కువున్నవాళ్లు జాగ్రత్తపడాలి. మన విశాఖ ఉక్కపోతలో రాత్రంతా బయట ఉన్న అన్నంలో చెడ్డ క్రిములూ పెరుగుతాయి. కొన్ని క్రిములు వదిలిన విషం మళ్లీ వేడిచేసినా పోదు. అంతగా తినాలనిపిస్తే, వండిన గంటలోపు చల్లార్చిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు, తోడుకు మజ్జిగ పోసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే తినేయండి.