పడవ నడపడం రాకపోయినా సెయిలింగ్ సెలవులు కుదురుతాయా?

కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో వారం పాటు తెరచాప పడవలో గడపాలని ఉందని, కానీ ఇంట్లో ఎవరికీ పడవ నడపడం రాదని అడిగారు. నిక్షేపంగా కుదురుతుంది. సిబ్బందితో సహా పడవను అద్దెకు తీసుకోవచ్చు, కెప్టెన్, వంట చేసేవారు పడవతోనే వస్తారు. చాలాచోట్ల వాళ్లిద్దరూ భార్యాభర్తలే.

మొదటిసారికి ఈ దీవులే మంచివని నా అభిప్రాయం. వీటిలో పెద్దదైన టోర్టోలా దీవికి దక్షిణంగా ఉన్న డ్రేక్ ఛానెల్ అనే జలసంధికి రెండు వైపులా దీవులు అడ్డుగా ఉంటాయి కాబట్టి పెద్ద అలలు తక్కువ. వ్యాపార పవనాలు తూర్పు నుంచి నిలకడగా వీస్తాయి. చాలా దీవుల మధ్య ప్రయాణం గంటా రెండు గంటలే. వర్జిన్ గోర్డా దీవిలోని బాత్స్ అనే పెద్ద గ్రానైట్ బండల చోటుకి మాత్రం పొద్దున్నే వెళ్లండి, తర్వాత జనం ఎక్కువ.

కడుపులో తిప్పే భయం ఉంటే కటమరాన్ (పక్కపక్కనే రెండు అడుగుభాగాలున్న పడవ) తీసుకోండి, తక్కువ ఊగుతుంది. (ఆ మాట తమిళ 'కట్టుమరం' నుంచి వెళ్లిందే!)

అసలు టెన్షన్ డబ్బు దగ్గర. 'ఆల్ ఇన్‌క్లూజివ్' అయితే తిండి, ఇంధనం అద్దెలోనే కలుస్తాయి. కాకపోతే అద్దెలో సుమారు 25-35 శాతం ఖర్చుల కోసం ముందే కట్టాలి, మిగిలింది వెనక్కిస్తారు. టిప్పు అద్దెలో 15-20 శాతం వేరే. ఏది వర్తిస్తుందో ఒప్పందంలో చూసుకోండి.

శాకాహారులైతే పడవవాళ్లు ముందుగా పంపే ఫారంలో 'గుడ్డు, చేప కూడా తినం' అని విడిగా రాయండి. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల కాలం. సూట్‌కేసులు వద్దు, దాచే చోటుండదు. మడతపడే బ్యాగులే తీసుకెళ్లండి.