ముందు తాము చేసిన చట్టాన్ని చదవమనండి

'ఎల్‌జీబీటీ వాళ్లకు సమానత్వం రావాలంటే మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఏం చేయాలి?' అని అడిగారు. కావలిలో నెట్ సెంటర్ నడుపుకునేవాణ్ణి, నాకు తెలిసిందే చెప్తా.

మా షాపుకు ఒకామె వచ్చేది, ట్రాన్స్‌జెండర్. కేంద్రం పోర్టల్లో అఫిడవిట్ ఎక్కించి అప్లికేషన్ పెట్టాం. సర్వర్ ఎన్నిసార్లు పడుకుందో అడగొద్దు. చివరికి కలెక్టరు సర్టిఫికెట్టు, గుర్తింపు కార్డు వచ్చాయి. ఆరోజు షాపులో ఉన్నవాళ్లందరికీ టీ తాగించింది.

అసలు కథ ఆ తర్వాత. టెన్త్ మెమోలో పేరు మార్పించుకుందామని పోతే ఒక ఆఫీసులో 'డాక్టరు సర్టిఫికెట్ తే' అన్నారు. కలెక్టరే సంతకం పెట్టాక మధ్యలో డాక్టరెందుకు? సర్టిఫికెట్ చూపిస్తే పదిహేను రోజుల్లో పేరు, లింగం మార్చాలని ట్రాన్స్‌జెండర్ చట్టం కింద కేంద్రం 2020లో తెచ్చిన నిబంధనల్లో రాసింది. ఆ పేజీ ప్రింటు తీసి, లైను కింద గీత గీసి పంపించా. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇది పైనుంచి మాకు రాలేదమ్మా' అన్నాడంట.

'ఢిల్లీకి పైన ఇంకా ఎవరున్నారన్నా?' అని నన్నడిగింది. నేనేం చెప్పేది?

ట్రాన్స్‌జెండర్లు తామెవరో తామే చెప్పుకోవచ్చన్న సుప్రీంకోర్టు తీర్పు 2014 నాటిది, వాళ్ల హక్కుల చట్టం 2019లో చేశారు. లేనిదల్లా అమలే. కాబట్టి మన ఎమ్మెల్యే అసెంబ్లీలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు: జిల్లాలో కార్డులున్న వాళ్లలో ఎందరికి మిగతా కాగితాల్లో పేరు మారింది? సభలో ప్రశ్న పడిందంటే కింద ఫైలు దానంతటదే కదుల్తుంది. పుట్టినరోజుకు ట్రంకు రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కట్టించుకునే ఓపికలో పదోవంతు చాలు దీనికి. నెలకు 4000 పింఛను ఇస్తున్నారు, మంచిదే. కానీ చదువుకున్న మనిషి అడిగేది ఉద్యోగం, ఉద్యోగానికి కావాల్సింది ఆ మెమో.

ఎంపీల సంగతి వేరే. 2019 చట్టం చేసినప్పుడు ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దౌర్జన్యానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్ష రాశారు. ఆడవాళ్ల మీద అత్యాచారానికేమో కనీసం పదేళ్లు. దీనికి సభలో చేతులెలా ఎత్తారో నాకిప్పటికీ అర్థం కాదు. స్వలింగ వివాహాల విషయమూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పార్లమెంటుకే వదిలేసింది. అడగాల్సింది ఎంపీలనే.

మీ ఎంపీకి అర్జీ రాసుకుంటామంటే మా షాపుకు రండి, టైపింగ్‌కు డబ్బులు తీసుకోను. ప్రింటుకు మాత్రం ఇవ్వాలి.