మామయ్యతో చంద్రుడి గొడవ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: మనుషులు చంద్రుడి మీద నిజంగా దిగారా, దిగలేదని వాదించేవాళ్లతో ఎలా మాట్లాడాలి? అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగనే లేదని, అదంతా స్టూడియోలో తీసిన సినిమా అని మా మేనమామ నమ్ముతారు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజూ వీడియోలు పెడతారు. ఒకదానికి జవాబు చెబితే ఇంకో ఐదు వస్తాయి. ఒకరోజు విసుగొచ్చి నవ్వే బొమ్మలు వరుసగా పెట్టి, "చదువుకున్నవాళ్లు ఇలా మాట్లాడరు" అని రాశాను. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఆయన్ని ఒప్పించడం ఎలా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ముందు మామయ్యకు ఫోన్ చెయ్యి బాబూ. మెసేజ్ వద్దు, ఫోనే చెయ్యి. చంద్రుడి సంగతి ఎత్తకుండా, అన్న మాటకు క్షమించమని అడుగు. అమ్మ అలిగిందని కాదు, ఆ మాట నిజం కాదు కాబట్టి అడగాలి. చదువుకున్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు. ఈ వాదనను మొదట పుస్తకంగా వేసిన బిల్ కేసింగ్, రాకెట్ ఇంజన్లు తయారుచేసే రాకెట్‌డైన్ కంపెనీలో సాంకేతిక రచయితగా పనిచేసినవాడు. 1963లో అక్కడ ఉద్యోగం మానేశాడు, 1976లో సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేశాడు. 2001లో ఫాక్స్ టీవీ ఇవే వాదనలతో ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. గాలి లేనిచోట జెండా ఊగడం, ఆకాశంలో నక్షత్రాలు లేకపోవడం, నీడలు తలో దిక్కుకు పడటం – నీ ఫోన్‌కు వస్తున్న సరుకంతా అప్పటిదే. మీ మామయ్య వీటిని పుట్టించలేదు. ఆయన దాకా ఎవరో చేరవేశారు.

ఇక వాదన. ఒక్కో వీడియోకు ఒక్కో జవాబు వెతకడం మానెయ్యి. ఆ పరుగులో నువ్వు ఎప్పటికీ వెనకబడే ఉంటావు, ఎందుకంటే అనుమానం ఒక్క వాక్యంలో పుడుతుంది, దాన్ని తీర్చడానికి ఒక పాఠం కావాలి. "మామయ్యా, వీటన్నిటిలో మీకు బాగా బలమైనదిగా అనిపించేది ఏది? ఆ ఒక్కదాన్నే ఇద్దరం కలిసి చూద్దాం, అది తేలేదాకా రెండోదాని జోలికి పోవద్దు" అని అడుగు. ఎంపిక ఆయనదే కావాలి. తర్వాత ఇంకో మాట కూడా అడగాలి: "ఏమి చూపిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" ఇదే ప్రశ్న ఆయన నిన్ను అడిగితే నీ దగ్గరా జవాబు ఉండాలి. నన్ను అడిగితే, మనుషులను చంద్రుడి మీదకు తీసుకెళ్లిన అపోలో నౌకలు దిగిన చోట్లను పైనుంచి ఫొటో తీసినప్పుడు అక్కడ ఏమీ కనిపించకపోతే, తెచ్చామన్న రాళ్లలో భూమి మీది రాళ్లలో లాగే నీటి జాడలు ఉంటే, నేను నా అభిప్రాయం మార్చుకునేదాన్ని. ఇలా చెప్పలేనివాడు ఏ పక్షాన ఉన్నా అతనితో వాదించి ప్రయోజనం లేదు.

ఆయన నక్షత్రాల సంగతే ఎంచుకుంటారని నా అంచనా, చాలామంది అదే ఎంచుకుంటారు. అలాగైతే పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు ఇద్దరూ డాబా మీదకు వెళ్లండి. ఫోన్ కెమెరాలో నైట్ మోడ్ ఆపేసి, ఎక్స్‌పోజర్‌ను చేత్తో మార్చుకునే ప్రో మోడ్ పెట్టు. ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి మొదటి ఫొటో తీస్తే చంద్రుడు తెల్లగా వెలిగిపోతున్న ముద్దలా వస్తాడు, మచ్చలు కనిపించవు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ పో. ఒకచోట ఆ తెలుపు కరిగి నల్ల మచ్చలు తేలతాయి. అప్పుడు ఫొటోలో మిగతా ఆకాశం చూడండి. ఒక్క చుక్క ఉండదు. తల ఎత్తితే మాత్రం చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. మళ్లీ చుక్కల కోసం ఎక్స్‌పోజర్ పెంచితే చంద్రుడు తెల్లముద్ద అయిపోతాడు. రెండూ ఒకే ఫొటోలో సరిగా రావు. అపోలో వ్యోమగాములు దిగింది పగటిపూట. నేల మీద ఎండ, ఒంటి మీద తెల్లని సూటు, కెమెరాను ఆ వెలుతురుకు తగ్గట్టే సవరించారు. ఇదంతా నువ్వు ఉపన్యాసంగా చెప్పకు. ఫోన్ ఆయన చేతికే ఇవ్వు, ఎక్స్‌పోజర్ ఆయన్నే జరపనివ్వు.

జెండా సంగతికి ఇంత శ్రమ అక్కర్లేదు. దాని పైఅంచులో అడ్డకడ్డీ ఉంది. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా సాగకపోవడంతో గుడ్డ ముడతలు పడింది. కర్రను నేలలో గుచ్చుతూ కదిపినప్పుడు జెండా ఊగింది, ఆ ఊపును ఆపే గాలి లేదు కాబట్టి ఇంకాసేపు ఊగింది.

ఇంత ఓపిక పడితే ఫలితం ఉంటుందా? ఉంటుందనే అంటాను. 2024లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కుట్ర సిద్ధాంతాలను నమ్మే రెండువేల మందికి పైగా అమెరికన్లను, వాళ్లు నమ్మే విషయం మీదే ఒక కృత్రిమ మేధ ప్రోగ్రాంతో మాట్లాడించారు. నమ్మకం సగటున ఐదో వంతు తగ్గింది, రెండు నెలల తర్వాత చూసినా ఆ తగ్గుదల నిలిచే ఉంది. అక్కడ ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. ఎదుటి మనిషి చెప్పిన కారణాలకే వివరంగా జవాబు దొరికింది. ఒక యంత్రం చూపగలిగిన ఓపిక మేనల్లుడు చూపలేడా?

ప్రశ్న: అనుమానించినవాళ్లందరినీ మీరు మూర్ఖుల కింద జమకడుతున్నారు. ప్రభుత్వాలు ప్రజలకు అబద్ధాలు చెప్పలేదా? నాసా తన అసలు టేపులను తానే చెరిపేసుకోలేదా? హాలండ్ మ్యూజియంలో దాచిన చంద్రశిల నకిలీదని తేలలేదా? వీటికి జవాబు చెప్పకుండా మమ్మల్ని ఎగతాళి చేయడమే సైన్సా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి

జవాబు: అయ్యా, మీ ఉత్తరాన్ని నేను రెండోసారి కూడా చదివాను. మీరు రాసిన మూడు సంగతులూ నిజమే. ఎగతాళి సైన్సు కాదన్న మాటా నిజమే.

ప్రభుత్వాలు అబద్ధాలు చెప్పాయి. అమెరికాలోనే, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి పురుషుల మీద ఒక అధ్యయనం నడిపింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. పెనిసిలిన్‌తో ఆ జబ్బు నయమవుతుందని అందరికీ తెలిశాక కూడా వాళ్లకు మందు ఇవ్వలేదు, అసలు జబ్బేమిటో చెప్పలేదు. ఈ దారుణం గురించి చదివినవాళ్లు ప్రభుత్వాన్ని కళ్లు మూసుకుని నమ్మలేరు, నమ్మకూడదు కూడా.

అయితే అది ఎలా బయటపడిందో కూడా చూడండి. ఆ శాఖలోనే పనిచేసిన పీటర్ బక్స్టన్ అనే ఉద్యోగి లోపల ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పి, వినకపోతే పత్రికలకు చేరవేశాడు. 1972 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్త వేసింది. కాగితాలు దొరికాయి, బాధితులు మాట్లాడారు, ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అపోలోలో పనిచేసినవాళ్లు సుమారు నాలుగు లక్షల మంది. ఇన్ని దశాబ్దాల్లో వాళ్లలో ఒక్కరి పెట్టెలోంచైనా స్టూడియో అద్దె రసీదో, నకిలీ రాళ్లు తయారుచేయమన్న ఉత్తరమో రావాలి కదా? మీరు బ్యాంకులో పనిచేశారు. ఎంత తెలివైన మోసమైనా ఎక్కడో ఒక వోచరు మిగులుస్తుందని మీకు నాకన్నా బాగా తెలుసు.

టేపుల విషయంలో మీ కోపం న్యాయమైనది. అపోలో 11 నుంచి వచ్చిన వీడియో మామూలు టీవీకి సరిపోయేది కాదు. ఆస్ట్రేలియాలోను, కాలిఫోర్నియాలోను దాన్ని అందుకున్న కేంద్రాలు అక్కడికక్కడే మార్చి ప్రసారానికి పంపాయి. మార్చకముందటి సంకేతం వేరే టేపుల మీద రికార్డయింది. తర్వాతి కాలంలో టేపుల కొరత వచ్చి, ఎంతో నాణ్యమైన ఆ రికార్డులను చెరిపి మళ్లీ వాడుకున్నారు. 2009లో నాసా ఈ సంగతి ఒప్పుకుంది. చరిత్ర పట్ల ఇది క్షమించరాని అజాగ్రత్త. కానీ పోయింది మొదటి యాత్ర వీడియో మూలప్రతి మాత్రమే, ప్రసారమైన ప్రతులు ఉన్నాయి. 1972 డిసెంబరు దాకా జరిగిన తర్వాతి ఐదు దిగుడుల రికార్డులు ఉన్నాయి, ఆరు యాత్రలూ కలిపి తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టి ఉన్నాయి.

హాలండ్ రాయి సంగతి. అది ఒక మాజీ ప్రధానికి 1969లో అమెరికా రాయబారి ఇచ్చినదంటూ ఆయన వస్తువులతోపాటు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియానికి చేరింది. 2009లో పరీక్షిస్తే శిలగా మారిన చెక్క అని తేలింది. తేల్చినవాళ్లు శాస్త్రవేత్తలు, ప్రకటించింది ఆ మ్యూజియమే. చూడగానే అనుమానం వచ్చింది, పరీక్ష పెట్టారు, ఫలితాన్ని దాచలేదు. మీరు కోరుకునే సంశయం ఇదే. అదే పరీక్షలకు అపోలో రాళ్లు దశాబ్దాలుగా అనేక దేశాల ప్రయోగశాలల్లో నిలబడ్డాయి. వాటిలో సోవియట్ ప్రయోగశాలలూ ఉన్నాయి. సోవియట్ యూనియన్ తన లూనా 16 యంత్రంతో 1970లో సుమారు వంద గ్రాముల మట్టి సొంతంగా తెచ్చుకుంది, ఇరుదేశాలూ నమూనాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. పోటీదారుకు నకిలీ సరుకు ఎవరూ ఇవ్వరు.

నాసా మాట మీద నమ్మకం లేకపోతే నాసాను పక్కన పెట్టేయండి. జపాన్ వారి కగుయా నౌక 2008లో అపోలో 15 దిగిన చోట ఇంజను వేడి వాయువులు చెదరగొట్టిన నేల గుర్తును చూసింది. మన చంద్రయాన్-2 కెమెరా 2021లో అపోలో 11 దిగిన చోటును ఫొటో తీసింది. అక్కడ ల్యాండర్ కింది భాగం కనిపిస్తోంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన కెమెరా అది, వాషింగ్టన్ మాట వినాల్సిన అవసరం దానికి లేదు.

ఇది మీకు రాస్తూనే మా పక్షంవాళ్లకూ ఒక మాట చెబుతున్నాను. "నాసా చెప్పింది కదా" అనేది జవాబు కాదు. సామాజిక మాధ్యమాల్లో హేతువాదులమని చెప్పుకునే చాలామంది ఎదుటివాడు పంపిన వీడియో చూడరు, తాము పంపే లింకు చదవరు. ఆ తీరు చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

ప్రశ్న: అపోలో నాలుగు రోజుల్లో వెళ్లిందంటారు. మన చంద్రయాన్-3కి నలభై రోజులు పట్టింది. 1969లో ఉన్న టెక్నాలజీ 2023లో లేకపోయిందా? మా ఆడపడుచు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
– గృహిణి, శ్రీకాకుళం

జవాబు: మంచి ప్రశ్న అమ్మా, మీ ఆడపడుచు గారిని నా తరఫున అభినందించండి. ముందు తేదీలు చూద్దాం. చంద్రయాన్-3 జులై 14న బయల్దేరింది. భూమి చుట్టూ తిరగడం విడిచి చంద్రుడి దారి పట్టింది ఆగస్టు 1న. చంద్రుడి కక్ష్యలో చేరింది ఆగస్టు 5న. అంటే అసలు ప్రయాణానికి పట్టింది ఐదు రోజుల లోపే. మిగతా రోజులు ముందు భూమి చుట్టూ కక్ష్యను విడతలవారీగా పెంచుకోవడానికి, తర్వాత చంద్రుడి చుట్టూ కక్ష్యను తగ్గించుకుంటూ 23న దిగడానికి ఖర్చయ్యాయి.

అలా ఎందుకంటే, మన ఎల్‌వీఎం-3 రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. అపోలోను పంపిన సాటర్న్-5 బరువు సుమారు 2,900 టన్నులు, ఎత్తు 111 మీటర్లు. 45 టన్నుల నౌకను అది నేరుగా చంద్రుడి వైపు విసరగలదు. మన 3,900 కిలోల నౌక తన సొంత ఇంజనుతో కొంచెం కొంచెం వేగం పెంచుకుంటూ వెళ్లింది. మనుషులు లోపల ఉంటే తిండి, నీళ్లు, ప్రాణవాయువు మోయాలి కాబట్టి తొందరగా వెళ్లక తప్పదు. యంత్రానికి ఆ తొందర లేదు.

ప్రశ్న: పెద్ద టెలిస్కోపుతో చూస్తే అపోలో ల్యాండర్ కనిపిస్తుందా మేడమ్?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, నంద్యాల

జవాబు: కనిపించదమ్మా. హబుల్ టెలిస్కోపు కూడా చంద్రుడి మీద సుమారు 90 మీటర్ల కన్నా చిన్న వస్తువును విడిగా చూపలేదు, ల్యాండర్ కాళ్లు చాపినా పది మీటర్లు ఉండదు. అందుకే దగ్గరికి వెళ్లి ఫొటో తీయాలి. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఆర్బిటర్ 2011లో ఇంకా కింది కక్ష్యకు వచ్చి తీసిన చిత్రాల్లో వ్యోమగాములు నడిచిన బాటలు కూడా సన్నని గీతల్లా ఉన్నాయి.

అపోలో 11, 14, 15 వాళ్లు పెట్టి వచ్చిన అద్దాల మీదకు ఇక్కడి నుంచి లేజర్ పంపితే రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని అలాగే కొలుస్తున్నారు. కానీ క్లాసులో ఎవరైనా "సోవియట్ వాళ్లు మనుషులు లేకుండానే యంత్రంతో అద్దాలు పెట్టారు కదా" అంటే ఒప్పుకో. అది నిజం. అద్దం ఒక్కటే మనిషి వెళ్లాడని రుజువు చేయదు. బాటలు, రాళ్లతో కలిపి చూడాలి.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. స్పేస్ సెంటర్ చూపిస్తానంటే, "ఆ రాళ్లు అంటార్కిటికాలో ఏరుకొచ్చినవే, అందుకే వాన్ బ్రౌన్ అక్కడికి వెళ్లాడు" అంటున్నారు. ఏమని చెప్పాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హ్యూస్టన్

జవాబు: సాటర్న్-5 రూపకర్త వాన్ బ్రౌన్ 1967 మొదట్లో అంటార్కిటికాలో ఉన్న మాట నిజం. నాన్నగారు అంతవరకు సరిగ్గానే చెప్పారు. చంద్రుడి నుంచి ఊడిపడ్డ ఉల్కలు అక్కడి మంచులో దొరికే మాటా నిజమే. కానీ అలాంటి రాయిని మొదటిసారి గుర్తించింది 1982లో. దాన్ని చంద్రుడిదని ఎలా గుర్తుపట్టారంటే, అపోలో రాళ్లతో పోల్చి చూసి! పోల్చడానికి ఆ రాళ్లే లేకపోతే దాన్ని గుర్తుపట్టడం ఎంతో కష్టమయ్యేది.

పైగా గాలిలోంచి దూసుకొచ్చిన రాయికి కాలిన నల్లటి పెచ్చు ఉంటుంది, అపోలో రాళ్లకు లేదు. వాటి మీద సూక్ష్మ ఉల్కలు తాకిన కంటికి ఆనని గుంటలున్నాయి. గాలి ఉన్నచోట ఆ గుంటలు పడవు. అన్నిటికన్నా నాకు ఇష్టమైన రుజువు అపోలో 17 వాళ్లు గొట్టం దింపి తీసిన మట్టి, దాదాపు మూడు మీటర్ల లోతు దాకా, పొరలు ఉన్నవి ఉన్నట్టుగా. రాయి ఆకాశం నుంచి పడొచ్చు. పొరలు చెదరని మూడు మీటర్ల మట్టి పడదు.

నాన్నగారిని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ చేత్తో ముట్టుకోనిచ్చే చంద్రశిల ముక్క ఒకటి ఉంది. బయల్దేరే ముందు ఆయన ప్రశ్నలను ఆయన చేతే కాగితం మీద రాయించండి. అక్కడి సిబ్బందిని ఆయన్నే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడి తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చి చెప్పండి చాలు, మధ్యలో మీ వాదన కలపకండి. ఏ జవాబైనా ఆయనకు తృప్తి కలిగించకపోతే, అడిగిందేమిటో, వాళ్లు చెప్పిందేమిటో నాకు రాయమనండి. వచ్చే సంచికలో ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.