ఆర్మరర్ ట్రేడ్‌కి వెళ్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీకు ఆర్మరర్ ట్రేడ్, అంటే తుపాకులు బాగుచేసే పని, వచ్చిందని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. సంతోషం ఒక్క మాటలో చెప్పేసి, మిగతాసేపంతా "ఆ తుపాకీ వాడి చేతిలోనే పేలిపోతే ఏటిరా?" అని ఒకటే గోల. ఆమెకి ధైర్యం చెప్పాను గానీ, తర్వాత నాకే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఆ పని పట్టేది నువ్వే మరి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పక్కవాడు ఖాళీయే అన్నా సరే, చాంబర్ (తూటా కూర్చునే చోటు) నువ్వు చూసుకోకుండా ఏ ఆయుధమూ విప్పకు. ఉస్తాద్‌తో వాదించకు. అంతే.

ఇక రిసీవర్, అంటే మిగతా భాగాలన్నీ పట్టి ఉంచే తుపాకీ బాడీ. బ్యారెల్ అరిగితే మారుస్తాం, స్ప్రింగ్ పోతే మారుస్తాం. రిసీవర్ పగిలితే ఆ రైఫిల్ పని అయిపోయినట్టే. అందుకే ఏది చేతికొచ్చినా, కాల్చినప్పుడు దెబ్బ ఎక్కడ పడుతోందో ముందు తెలుసుకో. పాత ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) లగ్గులు, అంటే దాన్ని బిగించే పళ్లు, వెనకుంటాయి, భారమంతా బాడీ మోస్తుంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో దాన్ని 7.62 తూటాకి మార్చినప్పుడు మరింత గట్టి ఉక్కు వాడారు. ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లో ఆ భారం బోల్ట్ ఆనుకునే లాకింగ్ షోల్డర్ మీద పడుతుంది. అది విడి ముక్క, సైజు చూసి మార్చొచ్చు. ఏకేఎం రైఫిల్ బాడీ ఒక మిల్లీమీటరు రేకే అయినా బోల్ట్ లాక్ అయ్యేది ముందున్న ట్రనియన్ అనే ఉక్కు దిమ్మలో. అక్కడ రివెట్లు వదులయ్యాయా, రంధ్రాల చుట్టూ గీతలు పడ్డాయా చూడు. ఏఆర్ రకం రైఫిళ్లలో బాడీ అల్యూమినియం, బోల్ట్ మాత్రం బ్యారెల్ వెనక బిగించిన ఎక్స్‌టెన్షన్ అనే ముక్కలో లాక్ అవుతుంది. బలహీనమల్లా వెనక బఫర్ ట్యూబ్ (స్ప్రింగ్ ఉండే గొట్టం) బిగించే రింగు, ముందు పిన్ను దూరే చెవులు. ఎవడైనా కింద పడేసిన రైఫిల్ తెస్తే ముందు అవే చూడు. అల్యూమినియం మీద మాగ్నెట్‌తో చేసే పగుళ్ల పరీక్ష పనిచెయ్యదు, రంగు మందు పూసి చూడాల్సిందే.

ఇవన్నీ వాళ్లే నేర్పుతారు. నా భయం వేరే. సంక్రాంతికి బైకు ఇంజన్ విప్పినప్పుడు టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) ఏదిరా అంటే "చెయ్యే చెబుతుంది మావయ్యా" అన్నావు చూడు, అదీ నా భయం.

మీ తాత కొలిమి నీకు గుర్తుండదు. కొడవలిని కాల్చి పదును పెట్టే పని మిట్టమధ్యాహ్నం చేసేవాడు కాదు. ఎండ వెలుతురులో ఇనుము ఎరుపు తక్కువగా కనబడుతుంది, ఇంకా కాలలేదనుకుని మాడ్చేస్తాం అనేవాడు. అందుకే పాకలో ఆ మూల ఎప్పుడూ చీకటిగా ఉండేది. అక్కడ నిలబడి తిట్లు తిన్నవాణ్ణి నేను.

సరిగ్గా ఆ తప్పే అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో జరిగింది. 1903 మోడల్ రైఫిళ్ల రిసీవర్లకి వేడి చాలిందో లేదో అనుభవమున్న పనివాళ్లు రంగు చూసి చెప్పేవారు. మబ్బు రోజున ఒకలా, ఎండ రోజున ఒకలా. 1917లో కొన్ని రిసీవర్లు పగిలాక పైరోమీటర్లు (వేడి కొలిచే సాధనాలు) తెచ్చి కొలిస్తే, ఎండలో కంటికి సరైనదిగా కనబడిన వేడి మబ్బు రోజు కన్నా 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఎక్కువని తేలింది. అంత కాలిన ఉక్కు పైకి బాగానే ఉంటుంది, లోపల పెళుసైపోతుంది. మామూలుగా కాలిస్తే ఏమీ కాదు. నాసిరకం తూటా అడుగు చీలి గ్యాస్ వెనక్కి తన్నిందా, సాగకుండా ముక్కలైపోతుంది. 1918లో పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 8,00,000, రాక్ ఐలండ్ ఆయుధశాలలో 2,85,507 కంటే తక్కువ నంబరున్న రైఫిళ్లని ఈ రోజుకీ కాల్చొద్దంటారు. అందులో మంచివీ ఉన్నాయి. ఏది మంచిదో చూసి చెప్పడానికి లేదు, అదే గొడవ. ఆ పనివాళ్లేమీ పనిరాని వాళ్లు కారురా! మీ తాతంత పనివాళ్లే.

కాబట్టి హెడ్‌స్పేస్ గేజీ (మూసిన బోల్ట్ ముందు తూటాకి ఉండే సందు కొలిచేది) పెట్టకుండా "బాగానే ఉంది" అని సంతకం పెట్టావంటే, నేనే అక్కడికొచ్చి చెవి మెలేస్తాను. తిన్న వెంటనే, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు గేజీ పట్టకు. పొద్దున్నే చూసుకో.

అక్కడి ఆయుధాల ఫొటోలు ఫోన్‌లో తియ్యకు. నేను అడిగినా పంపకు, అడుగుతాను కూడా. అక్కకి మాత్రం రోజూ ఫోన్ చెయ్యి. నువ్వు వెళ్లేలోపు ఆదివారం పాలకొండ వస్తాను, నా పాత వెర్నియర్ (సన్న కొలతల స్కేలు) నీకిచ్చేస్తాను. తుప్పు పట్టనివ్వకుండా దాచాను.

మీ మావయ్య