పత్తి ఒక్కటే, లెక్క ఎన్నిసార్లు?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటర్ ఫస్టియర్ ఎంఈసీ చదువుతున్నాను. డాలస్‌లో ఉండే మా పెద్దనాన్న కూతురు ఇంకా హైస్కూల్లోనే ఉంది, అప్పుడే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు) మాక్రో ఎకనామిక్స్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకం నాకిచ్చి వెళ్లింది. నేను జీడీపీ చాప్టర్ దగ్గరే ఆగిపోయాను. ఇంట్లోనేమో "అది డిగ్రీ సబ్జెక్టు, ఇప్పుడెందుకు" అంటున్నారు. చదవనా, మానేయనా మేడమ్?

జవాబు: చదువు బిడ్డా. అయితే మీ అక్కతో పోటీ పెట్టుకోకు. ఆ పరీక్ష కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ ఏటా మేలో పెడుతుంది. 70 నిమిషాల్లో 60 బిట్లు, ఆ తర్వాత గంటలో 3 పెద్ద ప్రశ్నలు. స్కోరు 1 నుంచి 5 దాకా. మంచి స్కోరొస్తే అక్కడ చాలా కాలేజీలు ఆ సబ్జెక్టు అయిపోయినట్టే క్రెడిట్ ఇస్తాయి, ఆ మేరకు ఫీజూ తగ్గుతుంది. ఆ తొందర వాళ్లది. నీ ఇంటర్ మార్కులకు దాంతో పని లేదు కాబట్టి టెన్షన్ లేకుండా చదవొచ్చు.

ఇక జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో తయారైన తుది వస్తువులు, సేవల మొత్తం విలువ. ఓసారి మీ నాన్నతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి పత్తి బస్తాలు చూసిరా. రైతు 70 రూపాయలకు అమ్మిన పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు దాటేసరికి 100 అయిందనుకో (గింజల సంగతి పక్కన పెడదాం). నూలుగా మారి 150, చొక్కాగా మారి 300. అన్నీ కూడితే 620 వస్తుంది. అది తప్పు. రైతు పత్తి ధర నూలు ధరలోనూ ఉంది, చొక్కా ధరలోనూ ఉంది. చివరి 300 ఒక్కటే లెక్క. ఎవరెంత విలువ కలిపారో చూసినా అంతే: 70, 30, 50, 150.

మరి రైతు భరోసా (ఒకప్పటి రైతుబంధు) డబ్బు ఖాతాలో పడితే జీడీపీ పెరిగినట్టేనా? కాదు, అది ప్రభుత్వం నుంచి రైతుకు బదిలీ మాత్రమే, దాంతో కొత్తగా ఏదీ తయారవలేదు. ఆ డబ్బుతో ఇంట్లోవాళ్లకు కొత్త బట్టలు కొంటే అప్పుడు వినియోగం కింద లెక్కలోకొస్తుంది. పంటకు పురుగుమందు కొంటే రాదు, దాని విలువ పంట ధరలోనే కలిసిపోతుంది. డిగ్రీ ఫైనలియర్ వాళ్లను అడిగినా సగం మంది ఇక్కడ తడబడతారు.

బ్యాంకుల చాప్టర్‌లో మాత్రం జాగ్రత్త. అమెరికాలో బ్యాంకులు తప్పనిసరిగా ఉంచాల్సిన నిల్వను 2020 మార్చిలో సున్నా చేసేశారు. మన దగ్గర అలాంటి నిల్వ, అంటే బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన సీఆర్ఆర్, ఇంకా ఉంది. ద్రవ్యోల్బణానికి మన లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. వాళ్లది 2 శాతం. అక్కడి అంకెలు మన పరీక్షలో రాసి రావద్దు. తోడుగా ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి మాక్రో పుస్తకం పెట్టుకో. పల్చనిది, నెట్‌లో ఉచితం.

గణితం భయమా? శాతాలు, భాగహారం వస్తే చాలు. వారానికి రెండు సాయంత్రాలు చదువు, ఇంటర్ పరీక్షలు దగ్గర పడగానే ఆపెయ్. ఈలోపు ఒక పని: ఆ 300లో అడ్తిదారు కమీషన్ ఏ మెట్టు మీద చేరుతుందో రాసి పంపు.